సంతకం రాగానే మానేస్తున్నారు, రాత్రిబడి నడపాలా వద్దా?

ప్రశ్న: మాది కోసిగి మండలంలో ఒక పల్లె. బీఏ, బీఈడీ చేశాను. పెళ్ళయి ఈ ఊరికి వచ్చి నాలుగేళ్ళయింది. వినాయక చవితి అయ్యాక రామాలయం అరుగు మీద రాత్రి ఏడున్నరకు ఆడవాళ్ళకు చదువు చెప్పడం మొదలుపెట్టాను. పలకలు, బలపాలు నా డబ్బుతోనే కొన్నాను. మొదటి వారం ఇరవైరెండు మంది వచ్చారు. అ ఆలు అయి క గుణింతం దగ్గరికి వచ్చేసరికి సగం మంది లేరు. కొందరు సంతకం నేర్చుకుని ‘ఇంక చాల్లేమ్మా’ అని మానేశారు. ఇప్పుడు వచ్చేది ఆరుగురు. వాళ్ళలో ఒకామె ఏడో తరగతి దాకా చదివింది, మిగతావాళ్ళతో కలిపి చెప్పడం కష్టంగా ఉంది. ఇంకో అవ్వకు బోర్డు మీద అక్షరం తెలుస్తుంది, పలక మీద అదే అక్షరం తెలియదంటుంది. సగం టైం మాటలకే పోతుంది. సంక్రాంతి లోపల ఊరు ఊరంతా సుగ్గికి, అంటే కూలి పనుల వలసకు పోతుంది. రచ్చకట్ట మీద మగవాళ్ళు ‘మొక్కై వంగనిది మానై వంగునా’ అని నవ్వుతారు. ‘ఊరికంతా చదువు చెప్పి ఇంటికేం తెచ్చినావు’ అంటుంది మా అత్త. ఫీజు పెడితే విలువ తెలుస్తుందా? నేను చెప్పే పద్ధతే తప్పా? మానేయమంటారా?
— ఒక కోడలు

సమాధానం:

అమ్మా, మానేయొద్దు. కానీ అ ఆలు మాత్రం ఈ వారమే ఆపేయండి.

ఆరుగురే మిగిలారని బాధపడుతున్నారు. అనంతపురం పల్లెల్లో రాత్రిబళ్ళు నడిపిన రోజుల్లో మొదటి వారం జనాన్ని చూసి మురిసిపోయి, రెండో నెలలో నాలుగు తలకాయలు చూసి ఇంటికొచ్చి ఏడ్చినదాన్నే నేను కూడా. మొదటి వారం వచ్చేవాళ్ళలో చాలామంది చదువు కోసం రారు, మనల్ని చూడ్డానికి వస్తారు. కొత్త కోడలు ఏం చెప్తుందో, ఎట్లా చెప్తుందో చూసి పోదామని. అందులో తప్పేమీ లేదు. అయినా ఇరవైరెండు మంది పెద్దవాళ్ళకు పక్కన కూర్చుని చెయ్యి పట్టి రాయించడం ఒక్క మనిషి వల్ల అయ్యే పని కాదు. ఆరుగురైతే అవుతుంది.

సంతకం నేర్చుకుని వెళ్ళిపోయినవాళ్ళ మీద మీకు కోపంగా ఉంది, ఉత్తరంలో తెలుస్తూనే ఉంది. వాళ్ళు ఒక పని మీద వచ్చారు, పని అయింది, వెళ్ళారు. పొదుపు సంఘం మీటింగులో అందరూ చకచకా సంతకాలు పెడుతుంటే, మన దగ్గరికి వచ్చేసరికి స్టాంపు ప్యాడ్ ముందుకు జరిపి ‘వేలు పెట్టక్కా’ అనడం, ఆ సిరా కొంగుకు తుడుచుకుంటూ బయటికి రావడం మనం పడలేదు, వాళ్ళు పడ్డారు. ఇప్పుడు పడనక్కర్లేదు. మూడు నెలల్లో మీరు చేసిన పనుల్లో అన్నిటికంటే పెద్దది ఇదే. మీరేమో దాన్నే ఓటమి కింద రాశారు.

అయితే సంతకంలో ఒక తిరకాసు ఉంది. వేలిముద్ర వేసే మనిషికి కాగితంలో ఏముందో ఎవరో ఒకరు చదివి చెప్తారు, పక్కన సాక్షిని పెడతారు. అదే మనిషి పెన్ను తీసి సంతకం చేసిందనుకోండి, ఈమెకు చదువొచ్చు అనుకుని ఎవరూ చదివి చెప్పరు. సంతకం పెట్టినాక ‘ఇందులో ఏముంది’ అని అడగడానికి ఆమెకూ నామోషీ. చదవడం రాకుండా సంతకం ఒక్కటే వచ్చిన మనిషికి వేలిముద్ర రోజులకంటే చిక్కు ఎక్కువ. జనాభా లెక్కల్లో కూడా సంతకాన్ని చదువు కింద వేసుకోరు. ఏడేళ్ళు నిండి ఉండాలి, ఏదో ఒక భాషలో అర్థం చేసుకుని చదవడం, రాయడం రెండూ రావాలి. ఆ లెక్క ప్రకారం 2011లో ఉమ్మడి కర్నూలు జిల్లా మొత్తానికి అక్షరాస్యత 60 శాతం దగ్గర ఉంటే, ఆడవాళ్ళలో 50 కూడా లేదు.

కాబట్టి మానేసినవాళ్ళ ఇళ్ళకు వెళ్ళి ‘మళ్ళీ రండి’ అని బతిమాలొద్దు. ‘ఈసారి ఎక్కడన్నా సంతకం అడిగితే, ఆ కాగితం ముందు నా దగ్గరికి తెండి, కలిసి చూద్దాం’ అనండి. తెస్తారు. బ్యాంకు పాసుబుక్కు తెస్తారు, సంఘం అప్పు కాగితం తెస్తారు, కరెంటు బిల్లు, పిల్లోడి హాస్టల్ అప్లికేషన్, ఎప్పుడో దాచిన పట్టా జిరాక్సు కూడా తెస్తారు. ఆ కాగితమే మీ పాఠం. దాంట్లో మొదట మూడే వెతికించండి. నా పేరు ఎక్కడుంది, డబ్బు ఎంత రాశారు, తేదీ ఎంత వేశారు. అక్షరాలన్నీ రాని మనిషి కూడా ఈ మూడూ వారం పది రోజుల్లో పట్టుకుంటుంది.

ఇంక అక్షరాల సంగతి. బడిపిల్లలకు పదేళ్ళ టైం ఉంది కాబట్టి అ దగ్గర మొదలుపెట్టి బండి ర దాకా నడుస్తాం. పొద్దంతా పత్తి తీసి, వంట చేసి, అంట్లు తోమి వచ్చిన మనిషికి మనం ఇచ్చేది ‘ఋ’నా? దానితో ఆమెకు ఏం పని పడుతుంది? మన వైపు ఆడవాళ్ళ పేర్లు ఒకసారి వరసగా రాసి చూడండి. ఈరమ్మ, నరసమ్మ, సుంకమ్మ, లక్ష్మమ్మ, నాగమ్మ. పుస్తకంలో ఒత్తులు చివర్న ఎక్కడో వస్తాయి, మన ఊళ్ళో అవి పేరులోనే ఉన్నాయి. మ కింద మ ఒత్తు మొదటిరోజే నేర్పండి, సగం క్లాసుకు సగం పేరు వచ్చేస్తుంది. ఒక్క లక్ష్మమ్మల దగ్గరే కాస్త ఓపిక పట్టాలి, క్షకు కింద మళ్ళీ ఒత్తు కదా. తర్వాత మొగుడి పేరు, పిల్లల పేర్లు. మొగుడి పేరు నోటితో చెప్పని పెద్దవాళ్ళు ఇంకా ఉన్నారు, పలక మీద రాయమంటే మాత్రం నవ్వుకుంటూ రాస్తారు. పేర్లలో దొరికిన అక్షరాలతోనే కూలి, పాలు, వాన, పని, నూనె అని రోజూ నోట్లో ఆడే మాటలు కట్టండి. ‘కూలి’ అన్న మాటలో రెండక్షరాలే, రెండు గుర్తులు. గుణింతం మొత్తం వల్లె వేయించేదానికంటే ఆ ఒక్క మాట చాలా దూరం తీసుకుపోతుంది. బస్సు బోర్డులు, కోసిగి స్టేషన్ బోర్డు, మందుల షాపు పేరు, ఇవన్నీ ఫోన్లో ఫొటో తీసి చూపించండి. ఇంట్లో కన్నడం మాట్లాడేవాళ్ళు ఎవరైనా ఉంటే, రెండు లిపులూ దగ్గరివే కాబట్టి ఈ అక్షరాలు ఆ బోర్డుల మీద కూడా పనికొస్తాయని చెప్పండి.

రాయడానికి చెయ్యి తిరగడం లేదంటే పలక పక్కన పెట్టి నేల మీద ముగ్గుపిండితో అడుగు పొడుగు అక్షరం వేయించండి. ఇరవై చుక్కల ముగ్గు తప్పులేకుండా కలిపే చెయ్యి అది. సున్నలు చుట్టడం, తీగలు తిప్పడం దానికి మనం నేర్పేదేమీ లేదు.

లెక్కల్లో మీకు ఇంకో వింత కనబడుతుంది. నోటిలెక్కలో వాళ్ళు మనకంటే గట్టివాళ్ళు. నాలుగు రోజుల కూలి, మధ్యలో ఒక పూట నాగా, ముందు తీసుకున్న బాకీ, అన్నీ తీసేసి ఎంత రావాలో మీరు ఫోన్ తీసేలోగా చెప్తారు. రాయమంటేనే తడబడతారు. చెనక్కాయలు ఒలిచే చోట ఒకామెకు చెప్పేదాన్ని. రెండు వందల నలభై రాయమంటే 20040 అని రాసింది. నాకు మొదట అర్థం కాలేదు. ఆమె తప్పేమీ చేయలేదు. నోటితో ఎట్లా అంటామో అట్లాగే రాసింది, రెండు వందలకు 200, నలభైకి 40. మర్నాడు నేను నిజం నోట్లు తీసుకుపోయాను. నేల మీద బొగ్గుతో మూడు గళ్ళు గీసి, ఎడమ గడిలో రెండు వంద నోట్లు, మధ్య గడిలో నాలుగు పది నోట్లు పెట్టి, కుడి గడి ఖాళీగా వదిలేశాను. ఏ గడిలో ఎన్ని ఉంటే అంతే రాయమన్నాను. రెండు రాసింది, నాలుగు రాసింది, ఖాళీ గడి దగ్గర ఆగి నా మొహం చూసింది. ఏమీ లేనిచోట సున్న అన్నాను. ‘అంతేనా, దీనికేనా నన్ను ఇన్నేండ్లు భయపెట్టింది’ అంది. తర్వాత నూట అయిదు పెట్టించాను, మధ్య గడి ఖాళీగా ఉండేట్టు. ఈ ఒక్క ఆట మీద మీరు నాలుగు రోజులు పెట్టినా దండగ కాదు. బ్యాంకులో డబ్బు తీసుకునే స్లిప్పు మీద ఒక సున్న అటూ ఇటూ అయితే ఏమవుతుందో మీకు చెప్పనక్కర్లేదు. ఫోనుకు వచ్చే బ్యాంకు మెసేజీలు ఇంగ్లిష్‌లో ఉంటాయి కాబట్టి క్రెడిట్, డెబిట్ అన్న రెండు మాటలను బొమ్మల్లాగా గుర్తుపట్టడం నేర్పండి, ఓటీపీ ఎవరికీ చెప్పకూడదన్నది కూడా అప్పుడే.

ఆ అవ్వ సంగతి. బోర్డు మీద తెలిసి పలక మీద తెలియలేదంటే అది చదువు రాకపోవడం కాదు, చత్వారం. నలభై దాటాక దగ్గరి చూపు తగ్గడం మామూలే, పేరులోనే ఆ నలభై ఉంది. ఒక సూది, దారం ఇచ్చి ఎక్కించమనండి. చెయ్యి దూరంగా జరిపి, కళ్ళు చికిలించి, చివరికి ‘నువ్వే ఎక్కియ్యమ్మా’ అని మీకే ఇస్తే, ముందు ప్రభుత్వాసుపత్రిలో కంటి పరీక్షకు పంపండి, తర్వాతే పాఠం. నేనీ సంగతి చాలా ఆలస్యంగా తెలుసుకున్నాను. ‘నా బుర్రకు ఎక్కదులే తల్లీ’ అని మానేసినవాళ్ళలో ఎంతమందికి అద్దాలు లేకపోవడమే కారణమో ఇప్పుడు తలుచుకుంటే కష్టంగా ఉంటుంది.

నా ఇంకో తప్పు కూడా చెప్తాను, మీరు బీఈడీ చేశానని రాశారు కాబట్టి. అప్పుడు నాకు ఇరవైమూడేళ్ళు. 90ల్లో అక్షరాస్యతా ఉద్యమం జోరుగా నడుస్తున్న రోజులు, నేనూ ఒక వాలంటీర్‌ని. ఒకామె మూడు వారాలు ఒక్కరోజు కూడా తప్పకుండా వచ్చింది. ఒకరోజు ఆమె నోటుబుక్కు తీసుకుని, బళ్ళో మాస్టర్లు దిద్దినట్టే ఎర్ర పెన్నుతో దిద్ది ఇచ్చాను. ఆమె పేజీ చూసి కొంగు కప్పి లేచిపోయింది. మళ్ళీ రాలేదు. రెండు నెలల తర్వాత సంతలో కనబడితే ఎందుకు మానేశావక్కా అని అడిగాను. ‘నా మనవడి బుక్కులో గూడా అన్ని గీతలు లేవు మేడం’ అంది. నవ్వుతూనే అంది. అప్పటినుంచి నేను ఎర్ర పెన్ను ముట్టలేదు. తప్పు రాస్తే దాని పక్కనే ఒప్పు రాసి ఊరుకుంటాను, రెండూ చూసుకుని వాళ్ళే దిద్దుకుంటారు. హాజరు పిలవడం, నిన్న ఎందుకు రాలేదని పదిమందిలో అడగడం, వరసలో కూర్చోబెట్టడం మీ అరుగు మీద ఉంటే అవి కూడా తీసేయండి. ఆ వయసులో వాళ్ళు మన దగ్గరికి వచ్చి పలక పట్టుకోవడమే ఎంతో సిగ్గు చంపుకుని చేసిన పని. వాళ్ళ కోడళ్ళ ముందు మాత్రం పొరపాటున కూడా తప్పు ఎత్తి చూపొద్దు.

మాటలకే టైం పోతోందన్నారు. పోనివ్వండి. 90ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్ళు రాత్రిబడికే కూడారు. సారా వల్ల ఇళ్ళు ఎట్లా గుల్లవుతున్నాయో పాఠంలో చదివి, మాట్లాడుకుని, సారా అంగడి మీదికి వెళ్ళారు. అది రాష్ట్రమంతా పాకి 1993 అక్టోబరు 1న ప్రభుత్వమే సారా నిషేధించాల్సి వచ్చింది. మీ అరుగు మీద అంత పని జరగాలని నేను అనడం లేదు. ఆరుగురు ఆడవాళ్ళకు ఇంటి బయట కూర్చుని గంట మాట్లాడుకునే చోటు మీ ఊళ్ళో ఇంకెక్కడుందో మీరే చెప్పండి. వాళ్ళు ఏ మాట ఎక్కువ అంటున్నారో విని మర్నాడు ఆ మాటనే బోర్డు మీద రాయండి. నీళ్ళ ట్యాంకరు గురించి గొడవ పడుతుంటే ‘నీళ్ళు’ రాయండి. ళ, దాని కింద ఒత్తు, అక్కడే వచ్చేస్తాయి.

ఏడో తరగతి చదివినామెను మిగతావాళ్ళతో కూర్చోబెట్టొద్దు. మీ పక్కన కూర్చోబెట్టుకోండి, ఇద్దరికి ఆమెనే చెప్పమనండి. ఓపెన్ స్కూల్లో పది పరీక్ష రాయించే ప్రయత్నం చేయండి. 14 ఏళ్ళు నిండితే చాలు, పై వయసుకు హద్దు లేదు. మీ బీఈడీ అసలు పనికొచ్చేది ఆమెకే.

ఫీజు వద్దు. ఊళ్ళో కోడలు డబ్బు తీసుకుంటోందన్న మాట ఒక్కసారి పుడితే ఆ ఆరుగురు కూడా రారు. కానీ మీ చేతి డబ్బు కూడా పెట్టొద్దు. మీరు కొనిచ్చిన పలక మీ పలకే, వాళ్ళు కొనుక్కున్న నోటుబుక్కు వాళ్ళది. సుద్దముక్కలు, బల్బు ఖర్చు పొదుపు సంఘం భరిస్తుందేమో మీటింగులో అడగండి. కేంద్ర ప్రభుత్వం 2022 నుంచి 15 ఏళ్ళు దాటినవాళ్ళకు చదువు కార్యక్రమం నడుపుతోంది, ఇప్పుడు దాని పేరు ‘ఉల్లాస్’. అది జీతం లేని వాలంటీర్లతో నడిచేదే. మండల విద్యాధికారి ఆఫీసులో అడిగి చూడండి. పుస్తకాలు దొరకొచ్చు, పరీక్ష పాసైనవాళ్ళకు సర్టిఫికెట్ వస్తుంది. ఆ సర్టిఫికెట్ ఫ్రేము కట్టించి దేవుడి పటం పక్కన పెట్టుకున్న ఇల్లు నాకు తెలుసు.

రచ్చకట్ట మీద మాటలకు జవాబు ఇవ్వకండి. ఆ సామెత చెట్ల గురించి చెప్పింది, యాభై ఏళ్ళ వయసులో స్మార్ట్‌ఫోన్ నేర్చుకుని రోజంతా వీడియోలు చూస్తున్న వాళ్ళే దాన్ని మనుషులకు అంటగడుతున్నారు. పెద్దవాళ్ళకు చదువు చెప్పాలని ఊరూరా తిరిగిన గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారు 1883లో పుట్టింది మీ కర్నూలులోనే. ఈ మాట వాళ్ళకు చెప్పి లాభం లేదు, మీకు తెలిసుంటే చాలని రాశాను.

మీ అత్త మాటకొస్తే, ఆమె అడిగింది నిజమైన ప్రశ్నే. రాత్రి ఏడున్నరకు కోడలు అరుగు మీద ఉంటే ఇంట్లో పొయ్యి దగ్గర ఎవరున్నారు? ఆమే కదా. ముందు ఆ పని పంచుకునే ఏర్పాటు మీ ఆయనతో మాట్లాడి చేసుకోండి. తర్వాత ఒక సాయంత్రం ఆమెకు ఒక పని అప్పజెప్పండి. వీధిలో ఆడవాళ్ళను పిలుచుకొచ్చే పని. మీరు పిలిస్తే రానివాళ్ళు ఆమె పిలిస్తే వస్తారు, ఆమెకు కాదనలేరు. పిలిచినందుకు ఆమె కూడా కూర్చోవాల్సి వస్తుంది. చదవమని మాత్రం అనొద్దు. నెలలోపల ఆమే ఎవరూ లేనప్పుడు పలక తీస్తుంది. తీసినా మీరు చూడనట్టే ఉండండి.

ఇంక సుగ్గి. మూడు నెలలు బడి మూతపడుతుందని భయపడుతున్నారు, గుంటూరు మిరపచేలకు పోయే మనిషికి చదువు అవసరం అసలు అక్కడే ఉంది. కిలోకు ఇంతని కూలి, తూకం మేస్త్రీ వేస్తాడు, లెక్క మేస్త్రీ బుక్కులో ఉంటుంది. మన మనిషి గోడ మీద బొగ్గుతో గీతలు పెట్టుకుంటుంది, అదీ గుర్తుంటే. ఇప్పుడు మీకు నాలుగైదు వారాల టైం ఉంది. మిగతావన్నీ పక్కన పెట్టి అంకెలు ఒక్కటే పట్టించండి. తూకం కాటా మీద అంకె చదవడం, మధ్యలో చుక్క వస్తే దాని అర్థం, తేదీ రాయడం. పోయే ముందురోజు ఒక్కొక్కరి చేతికి జేబులో పట్టే చిన్న నోటుబుక్కు, దానికి దారంతో కట్టిన పెన్సిల్ ఇవ్వండి. పలకలు కొనొద్దన్నానని గుర్తుంది, ఇదొక్కటి మీరే కొనండి. ప్రతి పేజీలో మూడు గళ్ళు మీరే గీసి పెట్టండి, తేదీ, కిలోలు, రూపాయలు. రోజుకు ఒక్క లైను రాయమనండి. సంతకం నేర్చుకుని మానేసినవాళ్ళకు కూడా తలా ఒకటి ఇవ్వండి, మాట్లాడకుండా తీసుకుంటారు.

ఉగాదికి తిరిగొస్తారు కదా. అప్పుడు అ ఆలు తీయకండి. ఆ నోటుబుక్కులు తెమ్మనండి, చెమటకు నాని, మిరప ఘాటు కొడుతూ ఉంటాయి. మేస్త్రీ ఇచ్చిన డబ్బు, వాళ్ళు రాసుకున్న లెక్క పక్కపక్కన పెట్టి కూడించండి. ఆరోజు అరుగు మీద ఎంతమంది ఉన్నారో నాకు మళ్ళీ రాయండి.